నాకు హెచ్‌ఐవీ ఉందని పిల్లలకు చెప్పాలా? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) ఎంత, ఈ మాత్ర వేసుకుంటే నిద్ర ఎందుకు పట్టడం లేదు వంటి ప్రశ్నలు వస్తాయి. కౌన్సెలర్ గదిలోకి వచ్చి తలుపు వేశాక మాట పిల్లల మీదికి మళ్లుతుంది. చెప్పాలా, ఎప్పుడు, చెబితే వాళ్లు నన్ను ఎలా చూస్తారు? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. మీ పిల్లల వయసును బట్టి, మీ ఇంటి పరిస్థితిని బట్టి పనికివచ్చేవి తీసుకోండి, మిగతావి వదిలేయండి.

పిల్లలకు చెప్పి తీరాలని చట్టం ఉందా?

లేదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. కోర్టు ఆదేశం వంటి కొద్దిపాటి సందర్భాలు తప్పిస్తే, తన హెచ్‌ఐవీ సంగతి చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదని ఆ చట్టం చెబుతోంది. డాక్టరుకు గానీ కౌన్సెలర్‌కు గానీ మీ సమ్మతి లేకుండా మీ పిల్లలను పిలిచి చెప్పే అధికారం లేదు.

చట్టం సంగతి అలా ఉంచితే, వైద్య సలహా మాత్రం చెప్పడం వైపే మొగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బడి వయసు పిల్లలకు, అంటే సుమారు ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్యవారికి, తల్లిదండ్రుల హెచ్‌ఐవీ సంగతి చెప్పాలి. ఇంకా చిన్నవారికి అర్థమయ్యే మేరకు కొద్దికొద్దిగా చెబుతూ రావాలి. నేనూ అటువైపే. ‘ఇప్పుడే కాదు’ అనుకోవడంలో తప్పేమీ లేదు. ‘ఎప్పటికీ వద్దు’ అనుకుంటే మాత్రం మీ బదులు ఇంకెవరో చెబుతారు, అదీ వాళ్లకు తోచినట్టు.

వాళ్లకు ఏమీ తెలియదు. హాయిగా ఉన్నవాళ్లను కదపడం ఎందుకు?

ఏమీ తెలియదని మనం అనుకుంటాం. రాత్రి భోజనమయ్యాక అమ్మ ఒక మాత్ర వేసుకుంటుందని, ఆ సీసా బియ్యం డబ్బా వెనక ఉంటుందని, దాని మీది కాగితం గోటితో గీకేసి ఉంటుందని పిల్లలకు తెలుసు. ఎంత పని ఉన్నా కొన్ని రోజులు మాత్రం కూలి మానుకుని బస్సెక్కుతుందని, ఎక్కడికంటే ‘బ్యాంకు పని’ అంటుందని తెలుసు. దగ్గు వస్తే నాన్న ఆమె వంక అదోలా చూస్తాడని తెలుసు. తెలియనిదల్లా ఆ జబ్బు పేరు.

ఆ పేరు పట్టుకోవడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి, గీకగా సీసా మీద మిగిలిన నాలుగు అక్షరాలను ఫోనులో కొట్టింది. డోల్యూటెగ్రావిర్ అని మిగతాది ఫోనే పూర్తి చేసింది, ఎందుకు వాడతారో కూడా చెప్పింది. ఆ పిల్ల తల్లిని ఏమీ అడగలేదు. రాత్రిళ్లు తల్లి దగ్గితే లేచి కూర్చునేది, ఆమె పళ్లెంలో అన్నం ఎంత మిగిలిందో చూసేది. మార్కులు తగ్గాయని తల్లి ఆమెను ట్యూషన్‌లో చేర్పించింది!

పనిలో పనిగా ఒక మాట. కాగితం గీకితే గీకారు గానీ, మాత్రలను వేరే డబ్బాలోకి మార్చకండి. సీసాలో ఉండే చిన్న పొట్లం తేమను పీల్చుకోవడానికే. అది లేని డబ్బాలో మాత్రలు పాడవుతాయి.

ఏ వయసులో ఎంత చెప్పాలి?

ఆరేళ్లలోపు వారికి ‘అమ్మ రోజూ ఈ మాత్ర వేసుకుంటుంది, అందుకే బాగుంటుంది’ అంటే చాలు. పేరు అక్కర్లేదు, అబద్ధమూ అక్కర్లేదు. ‘ఇది బలం మాత్ర’ అని ఒకసారి అన్నామంటే, తర్వాత నిజం చెప్పేటప్పుడు ముందుగా ఆ మాటను వెనక్కి తీసుకోవలసి వస్తుంది. మరో ప్రమాదం, బలం కోసం వాళ్లూ ఒకటి మింగుతారు.

ఏడు నుంచి పదేళ్ల వయసులో ‘నా రక్తంలో ఒక వైరస్ ఉంది, మాత్ర దాన్ని నిద్రపుచ్చుతుంది’ అని చెప్పవచ్చు. కరోనా పుణ్యమా అని వైరస్ అంటే ఏమిటో ఇప్పుడు రెండో తరగతి పిల్లలకూ విడమరిచి చెప్పనక్కర్లేదు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ పల్లెల్లో, హెచ్‌ఐవీ లేని ఆరు నుంచి పదేళ్ల పిల్లలున్న తల్లుల కోసం అమగుగు అనే కార్యక్రమం నడిపారు. శిక్షణ పొందిన స్థానికులు ఇంటికి వచ్చి ముందు తల్లిని సిద్ధం చేసేవారు, బిడ్డకు చెప్పే పని మాత్రం తల్లిదే. కొందరు తల్లులు ‘వైరస్’ అన్న మాట దగ్గర ఆగారు, కొందరు హెచ్‌ఐవీ అని పేరు పెట్టే చెప్పారు. అక్కడ రెండింటినీ చెప్పడంగానే లెక్కించారు. మీరూ అలాగే లెక్కించుకోండి. సగం చెప్పినవారు ఓడిపోయినట్టు కాదు.

పది దాటాక పేరు చెప్పడం మంచిది. ఎందుకంటే పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం దగ్గర ఆ పేరు ఎలాగూ వినిపిస్తుంది. గర్భనిరోధం, లైంగిక వ్యాధులు, వెనక బెంచీల నవ్వులు, వాటి మధ్యలో హెచ్‌ఐవీ. మీ బిడ్డ ఆ పేరు మొదటిసారి అక్కడ విని దాన్ని మీకు అతికించుకోవడం కంటే, మీ నోట విని ఆ పాఠంలోకి వెళ్లడం ఎంతో నయం.

పదహారు, పదిహేడు వచ్చాక వాళ్లు అడిగే ప్రశ్న మారిపోతుంది. ‘ఏం జబ్బు?’ అనరు. ‘ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?’ అంటారు.

చెప్పకుండా ఆగవలసిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. మీకే నిన్న మొన్న తెలిసి ఉంటే ఆగండి. మందులు అలవాటై, మీ నిద్ర మీకు తిరిగి వచ్చి, ఆ మాట ఏడవకుండా అనగలిగే వరకు ఆగండి. లేకపోతే మిమ్మల్ని ఓదార్చే పని బిడ్డ మీద పడుతుంది. ఇంట్లో కొట్టడం, తాగి గొడవ చేయడం ఉంటే, విషయం బయటపడితే మీకు గానీ బిడ్డకు గానీ దెబ్బలు తప్పవనుకుంటే, ముందు ఆ ప్రమాదం సంగతి చూడాలి. ఎవరితోనో పోట్లాట మధ్యలో అసలు చెప్పకండి.

పరీక్షల ముందు చెప్పకపోవడం సబబే. అయితే పదో తరగతి కానీ, ఇంటర్ కానీ, ఈఏపీసెట్ కానీ అంటూ పోతే ఉద్యోగం, పెళ్లి కూడా వచ్చి వరుసలో నిలబడతాయి.

నోరు పెగలడం లేదు. మాట ఎలా మొదలుపెట్టాలి?

ముందు కౌన్సెలర్ గదిలో ‘నాకు హెచ్‌ఐవీ ఉంది’ అని పైకి అనండి. ఏళ్ల తరబడి మందులు వాడుతూ కూడా ఆ వాక్యం ఒక్కసారీ పలకనివాళ్లు చాలామంది. అక్కడ గొంతు పట్టేస్తే ఇంట్లోనూ పట్టేస్తుంది.

ఇంట్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘నీతో ఒక విషయం మాట్లాడాలి’ అంటే పిల్లలు అప్పుడే హడలిపోతారు. ఇద్దరి చేతుల్లో పని ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఒక తల్లి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పదకొండేళ్ల కొడుకుతో ఇలా మొదలుపెట్టింది.

‘నేను రోజూ రాత్రి వేసుకునే మాత్ర ఎందుకో ఎప్పుడైనా అనుకున్నావా, నాన్నా?’

‘షుగరుకా?’

‘కాదు. నా రక్తంలో హెచ్‌ఐవీ అనే వైరస్ ఉంది. ఎనిమిదేళ్లయింది. మాత్ర వేసుకుంటున్నంత కాలం అది నన్నేమీ చేయదు.’

వాడు మరో రెండు కాయలు ఒలిచి, ‘మరి బడి నుంచి వచ్చేటప్పటికి నువ్వు లేని రోజు వెళ్లేది అక్కడికేనా?’ అన్నాడు. అంతే. మిగిలిన ప్రశ్నలు వారం తర్వాత ఒకటి, నెల తర్వాత రెండు వచ్చాయి. ఒక్క పూటలో అంతా చెప్పేయాలని పెట్టుకోకండి.

‘ఎయిడ్స్’ అనకండి. హెచ్‌ఐవీ వైరస్ పేరు. మందు లేకుండా వదిలేస్తే చివరికి వచ్చే దశ ఎయిడ్స్. మందులు సరిగా వాడేవారిలో చాలామంది ఆ దశకు చేరరు.

‘నీకు ఎలా వచ్చింది?’ అని అడిగితే?

చాలా ఇళ్లలో నోరు కట్టేస్తున్నది ఈ ప్రశ్నే. జబ్బు గురించి చెప్పడం ఇప్పుడు అంత కష్టం కాదు. రోజుకు ఒక మాత్ర, ఏడాదికోసారి వైరల్ లోడ్ పరీక్ష, మామూలు బతుకు. చెప్పలేకపోయేది దాని వెనకున్న కథ. పెళ్లికి ముందు సంగతి, లారీ నడిపిన రోజులు, పొట్ట కోసం చేసిన పని, భర్త వల్ల భార్యకు వచ్చిందన్నది, అసలు ఎవరి వల్ల ఎవరికి వచ్చిందో ఇప్పటికీ తేలనిది. ఈ రెండూ ఒకే మూటలో ఉన్నాయనుకోవడం వల్ల రెండూ అలాగే ఉండిపోతాయి.

విడదీయండి. మీ ఆరోగ్యం గురించి తెలుసుకునే హక్కు బిడ్డకు ఉంది. మీ దాంపత్యం గురించి, మీ గతం గురించి తెలుసుకునే హక్కు లేదు. ‘అది పెద్దవాళ్ల విషయం, నువ్వు పెద్దయ్యాక అడిగితే అప్పుడు ఆలోచిస్తాను’ అంటే పదేళ్ల పిల్లలు ఒప్పుకుంటారు, గొంతులో తడబాటు లేకపోతే.

కౌమారంలో ఉన్నవారికి దారులు చెప్పవచ్చు. రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం లేదా సూది, తల్లి నుంచి బిడ్డకు. ‘నాకు మొదటి దారిలో వచ్చింది’ అని ఆగండి. ఎవరితో, ఎప్పుడు అన్నవి చెప్పనవసరం లేదు. సెక్స్ వర్క్ చేసి పిల్లలను పెంచిన తల్లులకు, మగవారితో సంబంధాలున్న తండ్రులకు, మత్తుమందులు సూదితో తీసుకున్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది. జబ్బు చెప్పినంత మాత్రాన జీవితమంతా విప్పి పరచాలని లేదు.

‘ఆసుపత్రిలో సూది వల్ల వచ్చింది’ అన్న అబద్ధం చాలామందికి సులువుగా దొరుకుతుంది. నిజంగా అలా వచ్చినవారి మాట వేరు. కానిచోట ఆ మాట అంటే, బిడ్డ ఆ తర్వాత టీకా వేయించుకోవడానికి ఏడుస్తుంది, జ్వరం వచ్చినా ఆసుపత్రికి రానంటుంది. అంతకంటే, ‘చెప్పను’ అన్నదే మంచి జవాబు.

భర్త వల్ల వచ్చిన తల్లులకు ‘మీ నాన్న చేసిన ఘనకార్యం’ అనాలనిపించడం సహజం. ఆ కోపానికి కారణం ఉంది, కౌన్సెలర్ దగ్గర ఎంతైనా అనండి. బిడ్డకు మాత్రం అతను తండ్రి. తండ్రులకు ఒక మాట: ఈ భారం మీరు ఎత్తుకోవలసిందే. ‘ముందు నాకు వచ్చింది, నా నుంచి అమ్మకు వచ్చింది, అమ్మ తప్పేమీ లేదు’ అనే మూడు ముక్కలు మీ నోటి నుంచి రావాలి. మీరు పక్క గదిలో కూర్చుని ఆమెతో చెప్పించడం బాగుండదు.

ఆయన చనిపోయారు. పిల్లలకు గుండెపోటని చెప్పాం. ఇప్పుడేం చేయాలి?

మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. అంతకుముందు, ఆ తర్వాత కొన్నేళ్లు కూడా, భర్త చనిపోయాకనో మంచాన పడ్డాకనో తనకూ ఉందని తెలుసుకున్న స్త్రీలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. గోడ మీది ఫొటోకు ఏటా దండ మార్చే ఇంట్లో పిల్లలు విన్నది గుండెపోటు, కామెర్లు, లేదా టీబీ. టీబీ అన్నది పూర్తి అబద్ధం కాకపోవచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రాణం తీసే జబ్బుల్లో టీబీదే పెద్ద వాటా.

మీ సంగతి చెప్పిన రోజే ఆయన సంగతీ చెప్పకండి. మొదట మీది చెప్పండి, మీరు ఆరోగ్యంగా ఉన్నారన్నది మనసుకు పట్టనివ్వండి. తెలివైన పిల్లలు కొద్ది రోజుల్లో తామే కలుపుకుని అడుగుతారు. అప్పుడు ‘అవును, నాన్నకు కూడా ఇదే ఉండేది. ఆయనకు మందులు సమయానికి అందలేదు. నువ్వు చిన్నవాడివని అప్పుడు అలా చెప్పాం’ అంటే సరిపోతుంది. ఆయన్ను దేవుణ్ని చేయవద్దు, దోషినీ చేయవద్దు. ఆయన వాళ్లను భుజాల మీద కూర్చోబెట్టుకుని తిరునాళ్లకు తీసుకెళ్లిన సంగతి కూడా అదే పూట చెప్పండి. అదీ నిజమే కదా.

నాయనమ్మ బతికి ఉంటే ఆమెకు ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి. ‘కోడలి వల్లే నా కొడుకు పోయాడు’ అనే వాదన ఉన్న ఇళ్లలో ఇది మరీ అవసరం. పిల్లలు మీ దగ్గర విన్నది ఆమె దగ్గర సరిచూసుకుంటారు.

‘నువ్వు చచ్చిపోతావా?’ అంటే ఏం చెప్పాలి?

మీరు మందులు వాడుతూ బాగానే ఉంటే ‘ఈ జబ్బుతో ఇప్పుడు పోను. మందులు సరిగా వేసుకునేవాళ్లు అందరిలాగే ముసలివాళ్లవుతారు’ అని ధైర్యంగా చెప్పండి. అది ఊరడింపు కాదు, వైద్యశాస్త్రం చెబుతున్న మాటే. ఈ ప్రశ్న కింద ‘మరి నన్నెవరు చూస్తారు?’ అన్న ప్రశ్న దాగి ఉంటుంది. దానికీ జవాబు దగ్గర పెట్టుకోండి. నిజంగా ఆరోగ్యం క్షీణించి ఉంటే మాట ఇవ్వకండి, ‘డాక్టర్లు చూస్తున్నారు, నేనూ గట్టిగా ప్రయత్నిస్తున్నాను’ అనండి.

‘నాకూ వస్తుందా? నాకూ ఉందా?’ అంటే?

కలిసి తినడం, ఒకే గ్లాసులో తాగడం, ముద్దుపెట్టడం, పక్కన పడుకోవడం, దోమకాటు, వీటి వల్ల రాదు. షేవింగ్ బ్లేడు మాత్రం ఎవరిది వారిదే ఉండాలి, అది ఏ ఇంట్లోనైనా పాటించవలసిందే. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరి, అలాగే నిలబెట్టుకున్నవారి నుంచి లైంగికంగా కూడా వ్యాపించదు. పెద్ద పిల్లలకు ఇది చెబితే అమ్మానాన్నల గురించిన భయం సగం తగ్గుతుంది.

‘నాకూ ఉందా’ అన్నదానికి జవాబు పరీక్ష కాగితంలో ఉండాలి, మీ నమ్మకంలో కాదు. తల్లికి హెచ్‌ఐవీ ఉంటే, ఎప్పుడు సోకిందో కచ్చితంగా తెలియనప్పుడు పిల్లలందరికీ పరీక్ష చేయించాలి, ‘పుష్టిగా ఉన్నాడు, వాడికేమిటి’ అనుకోకూడదు. పుట్టుకతో వచ్చినా పదేళ్లు పైకి కనిపించనివాళ్లు ఉంటారు. గర్భవతిగా ఉన్నప్పుడే మందులు మొదలైన తల్లుల పిల్లలకు ఆరో వారం నుంచి పరీక్షలు చేసి, పద్దెనిమిదో నెలలో చివరిది చేస్తారు. ఆ కాగితం ఉంటే తీసి చూపించండి. తండ్రికి మాత్రమే ఉండి, తల్లికి లేకపోతే పుట్టుకతో బిడ్డకు వచ్చే మార్గమే లేదు.

బిడ్డకు కూడా హెచ్‌ఐవీ ఉంది. అప్పుడు?

అప్పుడు చెప్పడం ఇంకా ముందుగా మొదలవ్వాలి, ఏఆర్‌టీ కేంద్రం తోడుతో. ఎందుకు మింగుతున్నారో తెలియని మాత్రను పన్నెండేళ్ల పిల్లలు కిటికీలోంచి విసిరేస్తారు. వేసవి సెలవుల తర్వాత గురుకులానికో వసతి గృహానికో వెళ్లాక మాత్ర వేయడానికి మీరు పక్కన ఉండరు. అనేక కుటుంబాల్లో ‘మనిద్దరికీ ఉంది, ఇద్దరం ఒకే వేళకు వేసుకుందాం’ అన్నదే మేలు చేసింది. ఇక్కడ ‘నా వల్ల నీకు వచ్చింది’ అన్న అపరాధ భావం తల్లిని తొలుస్తుంది. బిడ్డ అడిగితే ‘కడుపులో ఉన్నప్పుడో పాలు తాగేటప్పుడో వచ్చింది, అప్పుడు నాకూ తెలియదు’ అని చెప్పండి.

చెబితే ఊరంతా చాటుతారేమో?

ఈ భయం న్యాయమైనదే. వీధి కుళాయి దగ్గరకు చేరిన మాట సాయంత్రానికి మేనత్త ఊరు చేరుతుంది. అయితే ఏళ్లకు ఏళ్లు ‘ఎవరికీ చెప్పకు, చెబితే మన పరువు పోతుంది’ అని నోరు కుట్టేస్తే పిల్లలు నలిగిపోతారు. దాచమని చెప్పడంతోపాటు, మాట్లాడుకోవడానికి ఒక మనిషిని చూపించాలి. పిన్ని కావచ్చు, మేనమామ కావచ్చు, కౌన్సెలర్ కావచ్చు. ‘ఇది మన ఇంటి సంగతి. నాతో ఎప్పుడైనా మాట్లాడు, నాతో కష్టమైతే పిన్నికి తెలుసు, ఆమెతో మాట్లాడు. మిగతావాళ్లు తెలియక భయపడతారు, అందుకని వద్దు.’ ఆ పిన్నికి ముందే తెలిసి ఉండాలి మరి.

అయిదేళ్ల పిల్లలు రహస్యం దాచలేరు. అందుకే వాళ్లకు పేరు చెప్పవద్దన్నది.

నా భార్యకే ఇంకా తెలియదు. కొడుకుకు చెప్పవచ్చా?

వద్దు. ముందు ఆమెకు చెప్పండి, ఆమె పరీక్ష చేయించుకోవాలి. తల్లికి తెలియనిది కొడుకు గుండెలో పెట్టడం అన్యాయం. భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఒకరు ఒప్పుకోకపోతే, ఒకరు లేనప్పుడు మరొకరు చెప్పేయకుండా ఇద్దరూ కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి. అత్తమామల అనుమతి మాత్రం అక్కర్లేదు.

పెద్దదానికి చెప్పి చిన్నవాడికి చెప్పకుండా ఉండవచ్చా?

కొంతకాలం ఉండవచ్చు. కానీ పెద్దమ్మాయిని మీ మందుల కాపలాదారుగా, తమ్ముడికి రెండో తల్లిగా మార్చేయకండి. తెలిసిన మరుసటి రోజు నుంచి బడి మాని అంట్లు తోముతున్న ఆడపిల్లలు ఉన్నారు. అడగకుండానే చేస్తారు, అదే ఇబ్బంది.

నేను చెప్పేలోపే ఎవరో చెప్పేశారు.

ఆస్తి తగాదాలో బాబాయి అనడమో, హెచ్‌ఐవీ పింఛను కాగితం కంటపడటమో జరుగుతుంది. కొట్టిపారేయకండి, ‘ఎవరన్నారు?’ అని ఎగబడకండి. ‘నువ్వు ఏం విన్నావు?’ అని అడగండి. విన్నదాంట్లో నిజమెంతో, ఎయిడ్స్ అని, రేపో మాపో పోతానని కలిపిన అబద్ధమెంతో విడదీసి చెప్పండి. నేనే చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు అని ఒప్పుకోండి.

చెప్పిన దగ్గర నుంచి నాతో మాట్లాడటం లేదు.

కొందరు విని ఆడుకోవడానికి వెళ్లిపోతారు, అది మొండితనం కాదు. కొందరు కోపగించుకుంటారు, కొందరు నీడలా వెంట తిరుగుతారు. చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఎప్పటిలా అన్నం పెట్టండి, హోంవర్కు అడగండి, చేయకపోతే తిట్టండి. ఇల్లు మారలేదని తెలియడానికి అంతకంటే మంచి దారి లేదు. తిండి, నిద్ర, చదువు నెల దాటినా గాడిన పడకపోతే కౌన్సెలర్‌కు చూపించండి. చనిపోతాననే మాట వస్తే ఆ రోజే కదలండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

బడిలో చెప్పాలా?

అక్కర్లేదు, అడిగే హక్కు వారికి లేదు. 2017 చట్టం రక్షణ హెచ్‌ఐవీ ఉన్నవారికే కాదు, వారితో కలిసి ఉండేవారికీ వర్తిస్తుంది. కాబట్టి తల్లికి ఉందని బిడ్డను చేర్చుకోకపోవడం, విడిగా కూర్చోబెట్టడం చట్టవిరుద్ధం.

అమ్మాయి సంబంధాలు చెడిపోవా?

చెడిపోతాయనే భయంతోనే చాలామంది అమ్మాయికి కూడా చెప్పరు. కానీ పెళ్లిచూపుల నాడు అటువైపు వాళ్లకు తెలిసి, అమ్మాయికి తెలియని పరిస్థితిని ఊహించండి. అమ్మాయికి హెచ్‌ఐవీ లేనప్పుడు మీ సంగతి వియ్యంకులకు చెప్పాలన్న నియమం ఏదీ లేదు. చెప్పాలా వద్దా అన్న ఆలోచనలో ఆమెకూ చోటు ఉండాలి. అందుకైనా ఆమెకు ముందు తెలియాలి.

పిల్లలు పెద్దవాళ్లయి దూరంగా ఉన్నారు. ఇప్పుడు చెప్పి ఏం లాభం?

ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆసుపత్రి కాగితాల మీద సంతకం పెట్టేది వాళ్లే. మీరు స్పృహలో లేనప్పుడు ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకు చెప్పవలసిందీ వాళ్లే. ఫోనులో కాకుండా పండగకు వచ్చినప్పుడు, రద్దీ తగ్గాక చెప్పండి. ‘నాన్న మళ్లీ దుబాయ్ ఎందుకు వెళ్లలేదు?’ అన్న ప్రశ్న తెలంగాణలో చాలా ఇళ్లలో జవాబు లేకుండా ఉంది. గల్ఫ్ దేశాల ఉద్యోగ వీసాకు వైద్యపరీక్షలో హెచ్‌ఐవీ కూడా చూస్తారు. అమెరికాలో ఉన్న కొడుకు రమ్మంటే ఈ కారణంగా ఆగనక్కర్లేదు, హెచ్‌ఐవీ ఉన్నవారిని రానివ్వకూడదన్న నిషేధాన్ని ఆ దేశం 2010 జనవరిలో ఎత్తివేసింది. బయలుదేరేటప్పుడు మాత్రలు చేతిసంచిలో పెట్టుకోండి, డాక్టరు చీటీతో సహా.

నాకేదైనా అయితే పిల్లలను ఎవరికి అప్పగించాలో ఇప్పుడే రాసిపెట్టవచ్చా?

రాయవచ్చు, రాయాలి కూడా. 2017 చట్టంలోని 33వ సెక్షన్ ప్రకారం బంధువునో స్నేహితుడినో సంరక్షకుడిగా నియమిస్తూ వీలునామా రాయవచ్చు. మీరు చనిపోయాకే కాదు, బిడ్డను చూసుకోలేని స్థితిలో మంచాన పడినా అది వెంటనే అమలులోకి వస్తుంది. 32వ సెక్షన్ మరో వెసులుబాటు ఇచ్చింది. పన్నెండేళ్లు నిండి, హెచ్‌ఐవీ వల్ల దెబ్బతిన్న కుటుంబాన్ని నడిపేంత పరిణతి ఉన్న అక్క లేదా అన్న, తమ్ముళ్లు చెల్లెళ్లకు బడిలో చేర్పించడం, బ్యాంకు ఖాతా నడపడం, చికిత్స వంటి పనుల్లో సంరక్షకులు కావచ్చు. ఆ పరిస్థితి రాకుండా వీలునామా రాయడం మేలు. ఎవరి పేరు రాశారో వాళ్లకూ పిల్లలకూ చెప్పండి. పిల్లలకు ఆ మనిషి ఇష్టం లేకపోతే ఇప్పుడే తెలుస్తుంది. న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వివరాలు చెబుతారు.

ఇంకా అడగాలంటే ఎవరిని అడగాలి?

మీరు మందులు తీసుకునే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్ ఉంటారు. రద్దీ లేని వేళ ఎప్పుడో ముందే కనుక్కుని, ‘మందుల కోసం కాదు, పిల్లల గురించి మాట్లాడాలి’ అని చెప్పి సమయం తీసుకోండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచిత హెల్ప్‌లైన్ 1097కు పేరు చెప్పకుండానే ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆ నంబరు వాళ్ల పుస్తకం అట్ట లోపల మీరే రాసిపెట్టవచ్చు.